నొప్పి వచ్చేదాకా ఆగకండి

(బెంగళూరులో క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న తెలుగు కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో, నొప్పి నివారణ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక నర్సు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతావేవీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, నేనే అటొచ్చి మాట్లాడతా. ఎక్కువసేపు కూర్చోలేనివాళ్ల కోసం ఆ గోడ పక్కన పరుపులు వేయించాం. మొహమాటపడకండి, పడుకునే వినండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మీలో ఎక్కువమంది అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు వైపువాళ్లే కదా? కొందరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుంటున్నారు, కొందరు ప్రైవేటు ఆసుపత్రుల్లో. కొందరికి పిల్లలు మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉద్యోగం చేస్తుంటే వాళ్ల ఇంట్లో ఉండి తిరుగుతున్నారు, కొందరు ఆసుపత్రి దగ్గరే గది అద్దెకి తీసుకుని వండుకుంటున్నారు. కీమో గురించి, రేడియేషన్ గురించి మీకు చెప్పేవాళ్లు ఉన్నారు. నేను ఇవాళ నొప్పి ఒక్కదాని గురించే మాట్లాడతా. ఎందుకంటే జబ్బు గురించి అందరూ అడుగుతారు, స్కానింగులో ఎంత సైజుంది, ఎంత తగ్గింది అని. రాత్రి నిద్రపట్టిందా, నొప్పితో లేచి కూర్చున్నావా అని అడిగేవాళ్లు తక్కువ.

సరే, ముందు ఒక ప్రశ్న. ఈ క్షణంలో మీలో ఎంతమందికి నొప్పిగా ఉంది? చేతులెత్తండి.

చూశారా? పేషెంట్లు చేతులెత్తడం లేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఎత్తి వాళ్లని చూపిస్తున్నారు. అమ్మా, మీరు, ఆ పసుపు చీర, మీ అమ్మాయి మిమ్మల్ని చూపిస్తుంటే మీరు ఆ చెయ్యి కిందకి లాగుతున్నారు. ఎందుకమ్మా? "కొంచెమేలే" అంటున్నారు. ఆ "కొంచెమేలే" గురించే నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది.

ఎందుకు చెప్పం మనం? నేను చూసినంతలో కారణాలు చాలా ఉన్నాయి. నొప్పి ఎక్కువైందని చెబితే జబ్బు ముదిరిందని అంటారేమో, కీమో ఆపేస్తారేమో అన్న భయం ఒకటి. డాక్టరుగారికి ఉన్నదే ఐదు నిమిషాలు, అందులో నా నడుంనొప్పి గోల ఎందుకు, అసలు జబ్బు సంగతి చూస్తే చాలు అనుకోవడం ఇంకొకటి. పిల్లలు ఇప్పటికే అప్పు చేశారు, ఇంకో మందు రాస్తే ఇంకో ఖర్చు అనుకునే తల్లిదండ్రులు చాలామంది. ఇక మన ఇళ్లలో ఓర్చుకునే మనిషికి ఉన్న మర్యాద సంగతి మీకు తెలియంది కాదు. "మా అమ్మ ఎంత బాధైనా నోరు తెరవదు" అని గొప్పగా చెప్పే కొడుకులు నా దగ్గరికి ఎంతమంది వస్తారో. నాయనా, ఆమె నోరు తెరవకపోతే నాకెలా తెలుస్తుంది? నొప్పి స్కానింగులో కనపడదు. రక్తపరీక్షలో రాదు. నొప్పికి ఉన్న పరీక్ష ఒక్కటే, ఆ మనిషి నోటితో చెప్పడం.

ఒక విషయం గట్టిగా చెబుతున్నా, వినండి. నొప్పి పెరిగిందంటే ప్రతిసారీ జబ్బు పెరిగిందని కాదు. ఆపరేషన్ చేసిన చోట నరం దెబ్బతిని రావచ్చు. కొన్ని కీమో మందుల వల్ల కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి మంటలు రావచ్చు. నోటికి, గొంతుకి రేడియేషన్ ఇచ్చినప్పుడు లోపలంతా పుండు పడి, నీళ్లు మింగినా మంట పుడుతుంది. మలబద్ధకం వల్ల కడుపునొప్పి రావచ్చు. దేని మందు దానికుంది. మీరు చెబితే కదా ఏదో తేలేది? దాస్తే జబ్బు తగ్గదు, పైగా నొప్పితో నిద్ర లేక, తిండి సహించక, ఒళ్లు నీరసించి కీమో వాయిదా పడినవాళ్లని నేను చూశాను.

ఇంకో సంగతి, ఇది ఊరు దాటి వచ్చిన మనవాళ్లకి ప్రత్యేకం. పెద్దాయనకి కన్నడ రాదు, ఇంగ్లీషు రాదు. కొడుకు మధ్యలో ఉండి చెబుతాడు. పెద్దాయన ఐదు నిమిషాలు చెబుతాడు, రాత్రి రెండింటికి మెలకువొచ్చింది, పక్కకి తిరిగితే తొంటి దగ్గర పొడిచింది, అక్కడినుంచి మోకాలి దాకా పాకింది, లేచి గోడకానుకుని తెల్లారేదాకా కూర్చున్నా అని. కొడుకు డాక్టరుతో ఏమంటాడు? "లెగ్ పెయిన్ ఉందంట సార్" అంటాడు. అయిపోయింది! ఆ రాత్రి రెండింటికి అన్నది పోయింది, పక్కకి తిరగడం పోయింది, మోకాలి దాకా పాకడం పోయింది. డాక్టరుకి కావాల్సిందే అది. పిల్లలూ, మీకు చెబుతున్నా, కుదించకండి. నాన్న ఎలా చెబితే అలాగే, ఎంత చెబితే అంతా చెప్పండి. టైము లేదంటారనుకుంటే కాగితం మీద రాసుకుని తీసుకెళ్లి చేతికివ్వండి.

ఏం రాయాలి? ఎక్కడ నొప్పి, ఎక్కడికి పాకుతోంది. ఎలా ఉంది, పోటులా ఉందా, గుంజుతోందా, మంటా, సలుపా, కరెంటు షాకు కొట్టినట్టుందా. ఎప్పుడు ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతోంది, మందేసుకున్నాక ఎంతసేపు హాయిగా ఉంది. ఇక ఎంత అన్నది. ఆసుపత్రిలో సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతారు. చదువుకున్నవాళ్లకి అది తేలికే. మా ఊళ్లవైపు పెద్దవాళ్లని నేను రూపాయిలో అడుగుతా. "అవ్వా, నొప్పి మొత్తం రూపాయి అనుకో, ఇప్పుడెంతుంది?" అంటే టక్కున చెబుతారు. "పొద్దున పావలా, ఇప్పుడు ముప్పావలా" అంటారు. మాకు అది చాలు. నిన్న ముప్పావలా ఉన్నది ఇవాళ పావలాకి వచ్చిందా లేదా అన్నదే మేం చూసేది.

మీ ఇళ్లలో గోడకి తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, తిథులూ వర్జ్యాలూ ఉండే పెద్ద గళ్లది. పాలవాడి లెక్క రాసుకుంటామే, అది. దాని మీద ఆ రోజు గడిలో మాత్ర వేసుకున్న టైము, నొప్పి ఎంత ఉందో రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోనులో ఫోటో తీసి చూపించండి. పది మాటల కన్నా ఆ ఫోటో ఎక్కువ పనిచేస్తుంది.

గడియారం సంగతి

ఇప్పుడు మందులకి వద్దాం. మన అలవాటేమిటి? నొప్పొస్తే మాత్ర. తగ్గితే మానేయడం. తలనొప్పికి అది సరిపోతుంది. క్యాన్సర్ నొప్పికి సరిపోదు. ఎందుకంటే ఇది వచ్చి పోయేది కాదు, రోజంతా ఉండేది. మందు పనిచేసినంతసేపు అణిగి ఉంటుంది, మందు దిగిపోగానే మళ్లీ లేస్తుంది. లేచాక అణచాలంటే ఎక్కువ మందు కావాలి, ఎక్కువసేపు పడుతుంది. పాలు పొంగు పట్టేటప్పుడే మంట తగ్గిస్తాం, పొంగిపోయాక తగ్గిస్తే స్టవ్ తుడుచుకోవడమే మిగులుతుంది. ఇదీ అంతే. నొప్పి ఉన్నా లేకపోయినా టైముకి వేసుకోవాలి. అప్పుడది లేవదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. లండన్‌లో సిసిలీ సాండర్స్ అని ఒకావిడ ఉండేవారు. నర్సుగా మొదలై తర్వాత డాక్టరు చదివారు. నర్సు అని చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. నొప్పి తిరగబెట్టకముందే టైము ప్రకారం మార్ఫిన్ ఇస్తే మనిషి మెలకువగా, ప్రశాంతంగా ఉంటాడని చూపించిన ఆవిడ, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. హాస్పిస్ అంటే, నయంకాని జబ్బున్నవాళ్లని బాధ లేకుండా చూసుకునే చోటు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెట్ల పద్ధతి చెప్పింది. తక్కువ నొప్పికి పారాసెటమాల్ లాంటివి, మధ్యరకానికి ట్రమడాల్ లాంటివి, తీవ్రమైనదానికి మార్ఫిన్. నోటి ద్వారా, గడియారం ప్రకారం, ఆ మనిషికి తగ్గట్టు. ఇప్పుడు డాక్టర్లు ప్రతి మెట్టూ ఎక్కాల్సిందే అనుకోవడం లేదు, నొప్పి తీవ్రంగా ఉంటే నేరుగా మార్ఫినే మొదలుపెడతారు. కాబట్టి మీకు మొదటే మార్ఫిన్ రాస్తే కంగారుపడకండి.

పారాసెటమాల్ గురించి రెండు ముక్కలు. అది చిన్న మందని ఇష్టమొచ్చినట్టు మింగకూడదు. మామూలుగా పెద్దవాళ్లకి రోజుకి నాలుగు గ్రాములు దాటకూడదు, అంటే 650 మాత్రలు ఆరు. లివర్ బాగాలేనివాళ్లకి అంతకన్నా తక్కువ, డాక్టరు ఎంతంటే అంతే. ట్రమడాల్‌తో కలిపి వచ్చే మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, అది వేసుకుంటూ విడిగా డోలో కూడా వేసుకుంటే లెక్క తప్పుతుంది. స్ట్రిప్పు వెనక చదవండి. ఇంకా ముఖ్యమైనది, కీమో నడుస్తున్నవాళ్లు మాత్ర వేసుకునే ముందు థర్మామీటరు పెట్టి చూసుకోండి. ఈ మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది. కీమో రోజుల్లో 100.4 డిగ్రీలు దాటిందంటే అది ఇంట్లో చూసుకునే జ్వరం కాదు, రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఒళ్లునొప్పుల మాత్రలున్నాయే, అవి డాక్టరుకి చెప్పకుండా వేసుకోకండి. కడుపులో పుండు పడతాయి, కిడ్నీల మీద భారం, కీమోతో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే రక్తం పోయే ప్రమాదం.

మార్ఫిన్ అంటే ఉలికిపడకండి

ఇప్పుడు అసలు విషయం. మార్ఫిన్ అనగానే మీ ముఖాలు మారతాయి. నాకు తెలుసు. "సిస్టరమ్మా, అది నల్లమందే కదా, అలవాటైపోదా?" "అది చివరి రోజుల్లో ఇచ్చేది కదా?" ఈ రెండు ప్రశ్నలు రాని రోజు ఉండదు.

అలవాటు సంగతి ముందు. మత్తు కోసం వెంపర్లాడడం వేరు. నొప్పి కోసం డాక్టరు లెక్క కట్టి ఇచ్చిన మోతాదు నోటి ద్వారా వేసుకునే పేషెంటు వేరు. కొన్ని వారాలు వాడాక ఒళ్లు ఆ మందుకి సర్దుకుంటుంది, నిజమే. అందుకే ఒక్కసారిగా మానకూడదు, చెమటలు, వణుకు, కడుపులో తిప్పడం వస్తాయి. నొప్పి తగ్గిపోతే మేమే మెల్లమెల్లగా తగ్గించి మాన్పిస్తాం. గొంతుకి రేడియేషన్ తీసుకునేవాళ్లలో ఎంతోమంది ఆ పుండ్లున్నన్నాళ్లు మార్ఫిన్ వాడి, మానిపోయాక మానేసి, ఇంటికెళ్లి ఎప్పట్లా రాగిసంగటి తింటున్నారు. మరి అది చివరి రోజుల మందెలా అయింది? నొప్పి ఎంత ఉందో దాన్నిబట్టి ఇచ్చే మందు అది. ఇంకా ఎన్నాళ్లు బతుకుతారు అన్నదాన్నిబట్టి కాదు. మత్తు పదార్థాల అలవాటు ఇంతకుముందు ఉన్నవాళ్లుంటే, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, మాకు చెప్పండి. మందు ఇవ్వడం మానేస్తామని కాదు, జాగ్రత్తగా ఇస్తాం.

ఇక దొరకడం. మీకు ఒకటి చెప్పనా? మార్ఫిన్ తీసేది నల్లమందు నుంచే, దాన్ని చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు మీద పండిస్తారు, నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. అయినా మన పేషెంట్లకే మార్ఫిన్ దొరకని రోజులు చాలా నడిచాయి. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక, ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే ఆ లైసెన్సులూ ఈ లైసెన్సులూ అని తిరిగి తిరిగి విసిగిపోయి, తెప్పించడమే మానేశారు. నొప్పితో మనుషులు అరుస్తుంటే పక్కన మందు లేదు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆసుపత్రులు తెప్పించుకోవచ్చు. అయినా మీ ఊరి మెడికల్ షాపుకి వెళ్లి అడిగితే దొరకదు, అడిగితే అనుమానంగా చూస్తారు. అందుకే ఇక్కడినుంచి ఊరికి బయల్దేరే ముందు ఎన్ని రోజులకి సరిపడా ఇచ్చారో లెక్కపెట్టుకోండి. చీటీ, డిశ్చార్జి కాగితం మందుతోపాటే పెట్టుకోండి. ఖరీదు భయపడకండి, మామూలు మార్ఫిన్ మాత్రలు ఖరీదైన మందులు కావు. హైదరాబాదు దగ్గరైనవాళ్లకి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది. చెన్నై వైపు వెళ్లేవాళ్లు, నెల్లూరు, చిత్తూరు మనుషులు, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో అడగండి. మందు అయిపోయాక వెతకడం మొదలుపెట్టకండి, ఇంకో వారానికి ఉండగానే మొదలుపెట్టండి.

ఎలా వేసుకోవాలి? మామూలు మార్ఫిన్ మాత్ర అరగంటలో పనిచేయడం మొదలుపెట్టి నాలుగు గంటలు ఉంటుంది. అందుకని మేం సాధారణంగా పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది అని రాస్తాం. రాత్రి పదింటికి రెట్టింపు రాస్తాం, ఎందుకంటే రెండింటికి లేపకుండా పడుకోనివ్వాలి కదా. దాన్ని చూసి ఫార్మసీవాళ్లు పొరపాటున రాశారనుకునే కొడుకులు ఉన్నారు, ఒక మాత్రే ఇస్తారు, తెల్లవారుజామున మూడింటికి ఆ తండ్రి నొప్పితో లేస్తాడు. రాసిన డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. ఫోనులో ఐదు అలారాలు పెట్టుకోండి. మనవడికి ఆ పని అప్పజెప్పండి, పిల్లలు ఇలాంటివి బాగా చేస్తారు.

పన్నెండు గంటలకి ఒకటి వేసుకునే రకం కూడా ఉంది. అది నెమ్మదిగా కరిగేది. దాన్ని నలగ్గొట్టకూడదు, కొరకకూడదు, సగం చేయకూడదు. నలగ్గొడితే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లి ప్రాణం మీదికి వస్తుంది. మింగలేనివాళ్లు, ముక్కులో గొట్టం పెట్టినవాళ్లు ముందే చెప్పండి, వాళ్లకి వేరేది ఇస్తారు. ఒంటికి అంటించే ఫెంటానిల్ పట్టీ ఉంటుంది, మూడు రోజులకి ఒకటి. మొదటిసారి అంటించినప్పుడు అది పనిలోకి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అంతవరకు ఏ మాత్ర వేసుకోవాలో అడిగి వెళ్లండి. ఆ పట్టీ మీద వేడినీళ్ల బ్యాగు పెట్టకూడదు, వేడికి మందు ఎక్కువగా దిగిపోతుంది. వాడేసిన పట్టీని జిగురు లోపలికొచ్చేలా మడిచి, పిల్లల చేతికి అందకుండా పారేయండి. పట్టీలో ఇంకా మందు మిగిలే ఉంటుంది.

టైము ప్రకారం వేసుకుంటున్నా మధ్యలో నొప్పి ఎగదన్నడం ఉంటుంది. దానికి విడిగా ఒక మోతాదు రాస్తారు. అది వేసుకోండి, టైము రాసుకోండి. తర్వాతి మామూలు మాత్ర మాత్రం మానకండి. రోజూ అలా చాలాసార్లు వేసుకోవాల్సి వస్తుంటే అసలు మోతాదు చాలడం లేదని అర్థం, ఫోన్ చేయండి. కట్టు మార్చేటప్పుడో స్నానం చేయించేటప్పుడో నొప్పి వస్తుందని ముందే తెలిస్తే, అరగంట ముందే వేయండి.

సూదిమందు సంగతి కూడా చెప్పాలి. మనవాళ్లకి సూది మీద నమ్మకం ఎక్కువ. "మాత్రలు ఏం పనిచేస్తాయి, ఒక సూదెయ్యండి" అంటారు. సూది తొందరగా పనిచేస్తుంది, కానీ కొన్ని గంటలకే దిగిపోతుంది, దిగిపోతే మళ్లీ ఆటో ఎక్కి రావాలి. మోతాదు సరిగ్గా ఉంటే మాత్రతో అంతే గుణం కనిపిస్తుంది, మీ ఇంట్లో మీ మంచం మీద ఉండి.

ఇక మార్ఫిన్‌తో వచ్చే ఇబ్బందులు. మొదటి మూడు నాలుగు రోజులు మగతగా ఉంటుంది, కడుపులో తిప్పుతుంది, తర్వాత తగ్గుతాయి. కొందరు అప్పుడే భయపడి మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు. నిద్ర ఎక్కువైందని అనుకునేముందు ఒక్కటి ఆలోచించండి, ఆ మనిషి ఎన్ని రాత్రులుగా నిద్రపోలేదు? మలబద్ధకం మాత్రం తగ్గదు, మందు వాడినన్నాళ్లూ ఉంటుంది. అందుకే మార్ఫిన్‌తోపాటు విరేచనం మందు మొదటిరోజు నుంచే రాస్తాం. అది మానకండి! చీటీలో అదొక్కటే అనవసరం అని కొట్టేసుకునేవాళ్లు చాలామంది. ఇసబ్‌గోల్ వేసుకుంటే చాలదా అంటారు. నీళ్లు సరిగ్గా తాగలేని పేషెంటుకి ఇసబ్‌గోల్ లోపల గడ్డకట్టుకుని ఇంకా బిగుస్తుంది, దీనికి అది వద్దు. మూడు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి. ఒక్కోసారి బాగా బిగుసుకుపోయి, పక్కనుంచి నీళ్లలా కారుతుంది, ఇంట్లోవాళ్లు విరేచనాలు పట్టుకున్నాయని విరేచనం మందు ఆపేస్తారు. ఆపే ముందు మమ్మల్ని అడగండి.

జాగ్రత్త పడాల్సింది ఇది. పిలిస్తే లేవడం లేదు, ఊపిరి బాగా నెమ్మదించింది, కంటిపాప గుండుసూది మొనంత అయింది అంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో, వాంతులూ విరేచనాలతో నీరసించినవాళ్లలో మందు ఒంట్లో పేరుకుంటుంది, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడ్డట్టు కదులుతుంటాయి, అది కనిపిస్తే ఫోన్ చేయండి. దీంతోపాటు మద్యం వద్దు. నిద్రమాత్రలు అడక్కుండా వద్దు. బీరువాలో తాళం వేసి పెట్టండి. పక్కింటాయన నడుంనొప్పికి ఒకటివ్వమంటే ఇవ్వకండి, మీ మోతాదు ఆయన ప్రాణం తీయొచ్చు.

మార్ఫిన్ లొంగదీయని నొప్పులూ ఉన్నాయి. మంట, తిమ్మిరి, షాకు కొట్టినట్టు ఉండేది నరాల నొప్పి. దానికి అమిట్రిప్టిలిన్, గబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి ఇస్తాం. ధర్మవరం నుంచి వచ్చిన ఒక మగ్గం నేసే అన్న ఉన్నాడు, చేతిలో మంట. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్లకే వస్తుందనుకోకండి, ఈయనకి వచ్చింది, చంకలో ఆపరేషన్ అయ్యాక మంటలు. అమిట్రిప్టిలిన్ ఇస్తే కొడుకు ఫోనులో చూసి, ఇది డిప్రెషన్ మందు నాన్నా, నీకేం పిచ్చి పట్టలేదు అని ఆపేశాడు. నెల తర్వాత వచ్చి మంట తగ్గలేదన్నారు. అదే మందు తక్కువ మోతాదులో నరాల నొప్పికి పనిచేస్తుంది, ఫిట్స్‌కి వాడే గబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా అంతే. రెండు రోజుల్లో తెలియదు, వారం, రెండు వారాలు పడుతుంది. మళ్లీ మొదలుపెట్టాక ఆ అన్న భుజం మీద చొక్కా ఆనితే ఓర్చుకోగలుగుతున్నాడు. అంతకుముందు తువ్వాలు కూడా వేసుకోలేకపోయేవాడు.

ఎముకలకి పాకిన నొప్పికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. చాలామందికి ఒక్కరోజు ఇస్తే సరిపోతుంది, గుణం కనపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా మాత్రలు ఆపకండి. పాంక్రియాస్ క్యాన్సర్ కడుపునొప్పికి నరాల గుంపు దగ్గర ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. మాత్రలు చాలడం లేదంటే ఇంకేం దారి లేదని కాదు, అడగండి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇది రాసుకోండి. వెన్నెముక నొప్పి కొత్తగా వచ్చి, కాళ్లలో బలం తగ్గితే, మొద్దుబారితే, ఒంటికి రెంటికి తెలియకుండా అయిపోతుంటే, రేపు చూద్దాం అనకండి. అదే రోజు వెళ్లండి. వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. రోజు ఆలస్యమైతే మళ్లీ నడవలేకపోవచ్చు.

మనసు సంగతి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఎంత మందిచ్చినా తగ్గని నొప్పి ఉంటుంది కొందరికి, కూర్చుని మాట్లాడితే కూతురి పెళ్లి, పొలం తాకట్టు, తనకేమైందో ఎవరూ చెప్పకపోవడం, ఇవి బయటికొస్తాయి. "ఆయనకి చెప్పొద్దు సిస్టర్" అని తలుపు దగ్గరే నన్ను ఆపుతారు. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ గ్యాస్ మందని చెప్పి మార్ఫిన్ ఇస్తే ఆయన గ్యాస్ లేనప్పుడు మానేస్తాడు. కనీసం ఇది నొప్పి మందు, టైముకి వేసుకోవాలి అని నిజం చెప్పండి. మిగతాది ఎలా చెప్పాలో మేం సాయం చేస్తాం. ఇంట్లో చూసుకోవడం కష్టమైతే, ఇక్కడ మారతహళ్లి దగ్గర కరుణాశ్రయ ఉంది, 1999 నుంచి క్యాన్సర్ పేషెంట్లని డబ్బు తీసుకోకుండా చూసుకుంటున్నారు. అక్కడికి పంపితే అమ్మానాన్నలని వదిలేసినట్టు అనుకోకండి. నొప్పి లేకుండా చూసుకోవడం కూడా సేవే.

ఇప్పుడు చీటీల మీద వచ్చిన ప్రశ్నలు. మాత్ర వేసుకోగానే వాంతైతే మళ్లీ వేసుకోవచ్చా? వాంతిలో మాత్ర కనబడితే వేసుకోవచ్చు, కనబడకపోతే మీ అంతట మీరు వేసుకోకుండా ఫోన్ చేసి అడగండి. ఊళ్లో ఇచ్చే పసరు మందు దీంతో తాగొచ్చా? అందులో ఏముందో తెలియకుండా నేను సరేననలేను, సీసా తెచ్చి డాక్టరుకి చూపించండి, తిట్టరు. మాలిష్ చేయొచ్చా? గడ్డ మీద, ఎముకకి పాకిన చోట, రేడియేషన్ ఇచ్చిన చర్మం మీద వద్దు. పాదాలకి, అరచేతులకి మెల్లగా రాయండి, చాలామందికి అది హాయిగా ఉంటుంది. స్పర్శ లేని చోట వేడినీళ్ల బ్యాగు పెట్టకండి, కాలినా తెలియదు.

ఇంకా చాలా చీటీలున్నాయి, ఒక్కొక్కటి విడిగా చూస్తా. పసుపు చీర అమ్మా, మీరు ముందు రండి. మీ మందుల సంచి, పాత చీటీలు అన్నీ తీసుకుని ఆ పక్క గదికి రండి, మీ అమ్మాయిని కూడా పిలవండి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నారో చూసి రాసిస్తా. తర్వాత పరుపుల మీద ఉన్నవాళ్ల దగ్గరికి నేనే వస్తా, మీరు లేవద్దు.